గుడ్లు ముందెక్కేశాయి!

ఆ లిఫ్టు ఏదో ఒక రోజు తన కొడుకుని మింగేస్తుందని అమ్మకి ముందే తెలుసు. అందుకే ఆవిడ ఏనాడూ అందులో కాలు పెట్టలేదు. మోకాళ్ళు అరిగినా మెట్లే దిక్కు. కొడుకు వింటేగా! ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చి ఎక్కాడు. అది కాస్తా రెండంతస్తుల మధ్య ఆగి కూర్చుంది.

"ఒరే, ఊపిరి ఆడుతోందా?" అమ్మ తలుపు సందులో నోరు పెట్టి అరిచింది.

"లేదమ్మా! నా పని అయిపోయింది!" లోపల్నుంచి కేక.

"అంత గట్టిగా అరుస్తున్నారంటే ఆడుతున్నట్టే," అంది వెనక ఎవరో. తిరిగి చూస్తే నీలం యూనిఫాం వేసుకున్న అమ్మాయి. భుజాన పనిముట్ల సంచి, చేతిలో తాళంచెవి. "కొంచెం జరగండి ఆంటీ."

తలుపు తెరుచుకుంది. చచ్చిపోతున్నానని కేకలు పెట్టిన మనిషి, లిఫ్టు అద్దంలో చూసుకుంటూ పాపిడి సర్దుకుంటున్నాడు.

"మె... మెకానిక్ ఎక్కడ?"

"మీ ఎదురుగానే. బటన్ అన్నిసార్లు ఎందుకు నొక్కారు?"

"తొందరగా కదుల్తుందని."

"లిఫ్టుకి చక్కిలిగిలి ఉండదు సార్."

అతను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ఎంత కంగారులోనైనా అతనికి కనిపించేవి అవే. "మీ సేఫ్టీ గ్లాసెస్ వంకరగా ఉన్నాయి. షాపుకి రండి, సరిచేస్తా. ఫ్రీ."

"ముందు మీరు బయటికి రండి. ఇదీ ఫ్రీయే."

అప్పట్నుంచి ఆ లిఫ్టుకి వారం వారం ఏదో ఒక జబ్బు. ఫ్యాను మూలుగుతోందనీ, బటన్ బిగుసుకుందనీ కంప్లైంట్ చేసేది కొడుకే. మెకానిక్ వచ్చేది, ఏమీ లేదనేది, మెట్ల మీద కూర్చుని టీ తాగి మరీ వెళ్ళేది. ఆమె కళ్ళద్దాలూ అంతే, సరిచేసిన మర్నాడే వంకర పోయేవి. అమ్మ వంటింటి కిటికీలోంచి అన్నీ గమనించింది. పిల్ల మంచిదే. మంచిదైతే మాత్రం లిఫ్టు తీగ తెగదా?

చివరికి ఒకరోజు అతను పెళ్ళి మాట ఎత్తితే మెకానిక్ షరతు పెట్టింది.

"మీ నాన్నగారు నన్ను చూసి ఒక్కసారి నవ్వాలి. మా అక్క మామగారు పెళ్ళైన దగ్గర్నుంచి మూతి ముడుచుకునే ఉన్నారు. ఆ ఇంట్లో అక్క కప్పు కింద పెట్టాలన్నా చప్పుడవుతుందేమోనని హడలిపోతుంది. నాకా బతుకు వద్దు."

కొడుకు ఆ మాటంతా తెచ్చి అమ్మకి చెప్పాడు. నాన్న ఒకప్పుడు బస్సు కండక్టరు. ఆయన నవ్వితే వెనక సీట్లో కునికేవాళ్ళు ఉలిక్కిపడి లేచేవారు. పార్కిన్సన్ జబ్బు వచ్చాక ఆ మొహం బిగుసుకుపోయింది. మెదడులో డోపమైన్ అనేది తగ్గిపోయి, కండరాలకి కబురు సరిగా అందడం లేదని డాక్టరమ్మ చెప్పింది. మాత్ర లోపలికి వెళ్ళి డోపమైన్‌గా మారితే కాళ్ళూ చేతులూ కదులుతాయి, మొహం విచ్చుకుంటుంది. దాని బలం తగ్గాక మళ్ళీ బొమ్మే. లోపలి మనిషి మాత్రం మారలేదు.

"ఆ అమ్మాయికి చెప్పేద్దాం అమ్మా."

"మెదడు జబ్బంటే మెట్ల దాకా కూడా ఆగదురా, కిటికీలోంచే దూకుతుంది! నా మీద ఒట్టు, నోరెత్తకు. వేళకి మాత్ర వేసి ఆయన్ని తయారుగా ఉంచుతాగా!"

ఉంచింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొత్త పిల్ల ముందు ఆయన నీరసంగా కనిపిస్తే కొంప మునుగుతుందని, మాత్రతోపాటు ఉడికించిన గుడ్లూ, పెద్ద గ్లాసుడు పాలూ దగ్గరుండి పట్టించింది.

మెకానిక్ వచ్చింది. ఇస్త్రీ చొక్కా, గోళ్ళలో గ్రీజు మరక. నాన్న చూశారు. రాయిలా చూశారు.

"అంకుల్, మొదటి రోజు మీ అబ్బాయి ఏం చేస్తున్నాడో తెలుసా? ఓ పక్క ప్రాణం పోతోందని కేకలు, ఓ పక్క అద్దంలో సోకు! పైకి పోయినా పాపిడి చెడకూడదని కాబోలు!"

కొడుకు సోఫాలో కూరుకుపోయాడు. అమ్మ పకపకా నవ్వింది. నాన్న మొహంలో ఒక్క గీతా కదల్లేదు.

మెకానిక్ ఇంకో జోకు వేసింది. వాతావరణం గురించి మాట్లాడింది. ఆఖరికి టీ కప్పు కింద పెట్టింది. చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా.

"వస్తాను ఆంటీ."

చప్పుడు చేయని ఆ కప్పు అమ్మ గుండెల్లో ఠంగుమంది. కొడుకు ఒట్టుకి కట్టుబడి, పెదవులు బిగించి ఆవిడకేసే చూస్తున్నాడు. అమ్మ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. లిఫ్టు తలుపులు మూసుకుపోతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి దూకేసింది.

"ఆంటీ! మీరు లిఫ్టు ఎక్కరు కదా!"

"ఎక్కాను! తెగేలోపు నేను చెప్పేది విను." అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఆయనది కోపం కాదు తల్లీ, పార్కిన్సన్ జబ్బు. మొహం కదలదు. మాత్ర పనిచేస్తే నవ్వుతారు. ఇవాళ పనిచెయ్యలేదు, నా మూలానే. గుడ్లలో, పాలలో ఉండే ప్రొటీనూ, ఆ మాత్రా మెదడులోకి ఒకే దారిన వెళ్ళాలట. కలిపి పెట్టొద్దని డాక్టరమ్మ చెప్తే, ఆవిడకి తిండి విలువ ఏం తెలుసులే అనుకున్నాను."

మెకానిక్ లిఫ్టు బటన్ల వైపు చూసింది. "అంటే లిఫ్టు ఒకటే. గుడ్లు ముందెక్కేశాయి."

"ఆ!"

"మాత్ర పాపం కింద నిలబడి బటన్ నొక్కుతూ ఉంది."

"అచ్చం మావాడిలాగే," అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "జబ్బని తెలిసింది కదా, ఇక వెళ్ళిపోతావా?"

"ఆగిపోయినవాటి దగ్గర కూర్చోవడమే నా ఉద్యోగం ఆంటీ. పదండి, ఇంటికి పోదాం."

తర్వాతి మాత్ర వేళ అయ్యాక ఉత్త మంచినీళ్ళతో వేశారు. గుడ్ల మాట ఎత్తడానికే అమ్మకి భయం వేసింది. అందరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తోచక కొడుకు దగ్గరి చూపుకీ దూరపు చూపుకీ తేడా ఏమిటో వివరించడం మొదలుపెట్టాడు. మెకానిక్ ఆవులింత ఆపుకుంటోంది.

"పాపిడి..." అన్నారు నాన్న.

అందరూ తిరిగారు. ఆయన పెదవి అంచు వణికింది. బుగ్గ మీద ఒక గీత కదిలింది.

"పైకి పోయినా... పాపిడి చెడకూడదట!"

పగలబడి నవ్వారు. కప్పులు గలగలలాడాయి. కింద వీధిలో కుక్క మొరిగింది.

"అప్పట్నుంచీ లోపల నవ్వుతూనే ఉన్నానమ్మాయ్," అన్నారు రొప్పుతూ. "బయటికి దారి దొరికితేగా!" ఆ తర్వాత కుర్చీ చేతి మీద పాత అలవాటు కొద్దీ రెండు దెబ్బలు కొట్టారు. "రైట్ రైట్!"

బండి కదిలినట్టే. కొడుకు ఆమెని కింద దాకా దింపి వస్తానని బయల్దేరాడు. అమ్మ మెట్ల దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. లిఫ్టు కదిలింది. రెండంతస్తుల మధ్య టక్కున ఆగిపోయింది.

అమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒరే! ఊపిరి ఆడుతోందా? చెడిపోయిందా?"

లోపల్నుంచి మెకానిక్ గొంతు సిగ్గుసిగ్గుగా వినిపించింది.

"చెడిపోలేదు అత్తయ్యా... ఆపాం."