ఒక గీత తక్కువ

బాంబూఫ్లాట్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. అవతల ఒడ్డున పోర్ట్‌బ్లెయిర్ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, ఇవతల టీ తాగే వేళకే దీపం వెతుక్కోవాలి. లీదియా పుట్టి పెరిగింది ఆ చీకట్లోనే. దానికి భయపడాలని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

ఆ ఆదివారానికి తమ్ముడు దేవకుమార్ పోయి ఏడాది. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే దూరవిద్యలో కంప్యూటర్ డిగ్రీకి చేరారు. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చిన రెండు పుస్తకాల కట్టల్లో ఒకటి తడిసి ముద్దయింది. ఉన్న ఒక్క కట్ట కోసం ఇద్దరూ పొద్దస్తమానం కొట్టుకునేవారు. శనివారాలు మాత్రం బుద్ధిగా ఫెర్రీ ఎక్కి అవతలికి వెళ్ళి క్లాసు వినేవారు. మిగతా పేపర్లు ఎలాగో గట్టెక్కాయి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ దగ్గరే వాళ్ళిద్దరికీ చెడింది.

తప్పు దేవకుమార్‌దే. అక్క రాసిన అసైన్‌మెంటు మొత్తం చూసి దించేశాడు. ఎంత శ్రద్ధగా దించాడంటే, ఆమె కొట్టేసిన లైన్లు కూడా రాసి మళ్ళీ కొట్టేశాడు. దిద్దేవాళ్ళు ఇద్దరికీ సున్నా వేశారు. లీదియా నాలుగు రోజులు వాడి మొహం చూడలేదు.

ఐదో రోజు వాడే పుస్తకం పట్టుకుని పక్కన చేరాడు. ఒక ప్రశ్న చూపించాడు. ఒక సభలో మనుషులు చేతులు కలుపుకున్నారు. ఒక్కొక్కరూ ఎందరికి చెయ్యిచ్చారో అడిగి అన్నీ కూడితే మొత్తం ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుందని చూపించాలి. ఇది మన కూడికలో వందనాలు చెప్పుకోవడమే కదా, ఈ ఒక్క ప్రశ్నా నేను రాస్తానన్నాడు. మనిషికో చుక్క పెట్టాడు. చేతులు కలిపిన ఇద్దరి మధ్యా ఒక గీత గీశాడు. వాడి పెన్సిలు ఎప్పుడూ మొద్దే, చెక్కుకోవడానికి బద్ధకం. స్కేలు పెట్టడం కూడా చేతకాదు, ప్రతి గీతా చివర్లో కొంచెం కిందికి వంగిపోయేది.

తర్వాత చెయ్యి చాపాడు.

"చెయ్యియ్యి దీదీ. ఇద్దరిస్తేనే ఒక గీత. ఒకళ్ళే చాపితే గిన్తీలోకి రాదు, లెక్క కాదు."

లీదియా చెయ్యి వెనక్కి పెట్టుకుంది. వాడు కాసేపు అలాగే చాపి ఉంచి, నవ్వి, దించేశాడు.

మర్నాడు వాడు ఎవరికీ చెప్పకుండా పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి, తప్పంతా నాదేనని మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. అక్క మళ్ళీ రాసుకోవచ్చని కాగితం రాయించుకున్నాడు. ఆ ఆలస్యంలో ఆఖరి ఫెర్రీ తప్పిపోయింది. తెలిసిన పడవవాడు కదా అని తాతబ్బాయి ఇంజను డోంగీ ఎక్కాడు. మధ్యలో గాలివాన పట్టుకుంది. తాతబ్బాయి ఈది ఒడ్డుకి చేరాడు. దేవకుమార్ మూడో రోజున చేరాడు. జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితం... చుక్క నీరు తగలకుండా ఉంది.

ఆ కాగితం పెట్టుకుని కూడా లీదియా ఏడాదిపాటు పుస్తకం తెరవలేకపోయింది. ఇప్పుడు గడువు ఇంకో వారమే. ఆ ఒక్క ప్రశ్నా వాడి కూడికలోనే రాస్తాననుకుంది. వాడికి ఆమె ఇవ్వగలిగింది ఇంక అదొక్కటే.

కూడికకి వచ్చినవాళ్ళు ఎక్కువమంది లేరు. ప్రేమయ్య పాస్టరుగారు, పక్కింటి ఎలీసబెతమ్మ, ఇంట్లో తండ్రి కృపానందం, తల్లి జ్ఞానవతి, లీదియా. ఆరో మనిషి తాతబ్బాయి. ఏడాదిగా ఆ గుమ్మం తొక్కనివాడు ఆవేళ ఎందుకో వచ్చి, తలుపు దగ్గరే గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

పాస్టరుగారు ఆఖరి ప్రార్థనలో ఉండగా కరెంటు పోయింది. రేకుల మీద వాన మొదలైంది. ఆమెన్ అనగానే అందరూ లేచి ఆ చీకట్లోనే ఒకరికొకరు చేతులిచ్చుకుని వందనాలు చెప్పుకున్నారు. పాస్టరుగారి పద్ధతి ప్రకారం మొగుడూ పెళ్ళాలు కూడా చేతులు కలపాల్సిందే. కృపానందం ఎప్పటిలాగే మొహమాటపడ్డాడు. లీదియా ఒక్కో చెయ్యీ మనసులో లెక్కపెట్టుకుంది. ఐదు. లాంతరు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

అగ్గిపెట్టె చేతికి దొరకలేదు. తడుముతూ ఉండగా వాసన వచ్చింది. ఆటుకి నీళ్ళు తీసినప్పుడు మడ చెట్ల బురద నుంచి వచ్చే వాసన, అందులో కొంచెం డీజిలు. కిటికీ మూసే ఉంది. ముందుగదిలో "వందనాలు... వందనాలు..." అని ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఆరుగురికి ఇంతసేపా?

లాంతరు తెచ్చి, టీలు అందించి, నోటుపుస్తకం తీసింది. ఎందరికి చెయ్యిచ్చావని ముందు తండ్రిని అడిగింది.

కృపానందం వేళ్ళు మడిచి, ఆరు అన్నాడు. తనని కూడా కలుపుకున్నాడేమోనని ఆమె నవ్వింది. అదేం కాదు, నీకే రెండుసార్లు ఇచ్చాను కదమ్మా అన్నాడాయన. రెండోసారి గ్లాసులు కడిగి వచ్చినట్టున్నావు, చెయ్యి తడిగా ఉందన్నాడు.

లీదియా గ్లాసులు కడగలేదు. వంటింట్లోంచి తిరిగి వచ్చింది లాంతరుతోనే.

పాస్టరుగారు ఆరు అన్నారు.

ఎలీసబెతమ్మ ఆరు అంది. "పక్కా ఆరే. ఆఖరిది నీదే కదే. అంత చల్లగా ఉందేంటి తల్లీ, జ్వరం గానీ వచ్చిందా?"

లాంతరు వత్తి సన్నగా కొట్టుకుంటోంది. లీదియా తలుపు దగ్గరికి వెళ్ళింది. తాతబ్బాయి టీ ముట్టుకోలేదు. అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానికేసే చూస్తున్నాడు. ఆమె అడక్కముందే చెప్పాడు.

"ఆరమ్మా. ఆ ఆరోది నానెరుగుదును. ఆ దినం నీళ్ళల్లో నా సేతిలోంచి జారిపోనాది." అరచెయ్యి మెల్లిగా మూశాడు. "ఇయాల ఆడే పట్టుకున్నాడు."

మిగిలింది తల్లి. జ్ఞానవతి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కుడి చెయ్యి పైటకొంగులో చుట్టుకుని గుండెలకి ఆనించుకుంది. కొంగు తడిసిపోయింది.

"ఆరు," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. భయం లేదు. కాసేపటికి కూతురి మొహం చూసి, చాలా మెల్లిగా, "నీకివ్వలేదా?" అంది.

లీదియా నోటుపుస్తకం మీదికి వంగింది. కూడింది. ఐదుగురికి ఆరేసి. ఆమెకి ఐదు. ముప్పై ఐదు.

బేసి సంఖ్య... రాకూడదు. ప్రతి గీతకీ రెండు కొసలుంటాయి.

ఆమె వరండాలోకి వెళ్ళి చీకట్లోకి చెయ్యి చాపింది. ఒక్కసారి అందుకుంటే చాలు, ఇంకేమీ అడగననుకుంది. వాన చినుకులు పడ్డాయి. బురద వాసన పోయింది. చాలాసేపు నిలబడింది. చెయ్యి నొప్పెట్టింది గానీ దించలేదు. అప్పుడు వాడు ఎంతసేపు చాపి ఉంచాడో ఆమెకి గుర్తుంది. అంతకంటే ఎక్కువసేపే చాపింది. ఎవరూ రాలేదు. వాడు అందరి దగ్గరికీ వచ్చి తన దగ్గరికే రాలేదని, ఇంటి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ తర్వాత అసైన్‌మెంటు రాసింది. ఆరు చుక్కలు, పదిహేను గీతలు, మొత్తం ముప్పై, సరిసంఖ్య. అది తపాలాలో పంపేసింది. ఇంకో కాగితం మీద ఏడు చుక్కలు పెట్టి, ఏడోదాని పక్కన వాడి పేరు రాసింది. దాన్నుంచి ఐదుగురికీ స్కేలు పెట్టి పెన్నుతో గీతలు గీసింది. తన చుక్కకి గీయలేదు. లేనిది ఎలా గీస్తుంది? ఆ కాగితం పుస్తకంలో పెట్టి మూసింది.

పరీక్షకి చదువుకుందామని పది రోజుల తర్వాత పుస్తకం తెరిచింది. వాడి చుక్క దగ్గర పెన్సిలు గీత ఒకటి ఉంది. గోరంత. ఆమె చుక్కవైపే తిరిగి ఉంది.

మర్నాటికి పొడుగైంది. ఆ మర్నాటికి ఇంకా. స్కేలు లేని గీత. ఆమె రోజూ పొద్దున్నే కొలుస్తోంది. మిగిలిన ఎడం రోజుకి సరిగ్గా సగం తగ్గుతోంది. అమ్మకి చెప్పలేదు. పరీక్ష రోజున మాత్రం, ఫెర్రీకి బయల్దేరేముందు ఎందుకో ఆవిడే వచ్చి లీదియా కుడి చెయ్యి పట్టుకుని, జెట్టీ దాకా వదల్లేదు.

ఇవాళ చూస్తే గీత చివర్లో కొంచెం కిందికి వంగింది. ఎడం బియ్యపు గింజలో సగం కూడా లేదు. రోజూ సగం తగ్గే ఎడం ఎన్నటికీ సున్నా కాదని పుస్తకం చెబుతుంది. ఆ మాట లీదియా చాలాసార్లు చదివింది. కానీ పుస్తకంలో గీతకి మందం ఉండదు. దేవకుమార్ పెన్సిలు ఎప్పుడూ మొద్దే.