ఆ రాయి అక్కడే ఉంటుంది

"ఎవరు చేశారీ పని?"

కూడలంతా వినబడేలా అరిచింది ఆ అమ్మాయి. జీన్స్ నిండా రాతి దుమ్ము, చేతిలో సుత్తి. కూడలి మధ్య కొత్తగా నిలబెట్టిన నల్లరాయి శిల్పం చెక్కింది ఈవిడేనని చూడగానే అర్థమైంది.

"నేనే చేయించాను. సైట్ ఇంజనీర్ని" అన్నాను దర్జాగా.

రాయి ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా ఉంటే పాపం, పని సగంలో ఆగిపోయిందనుకున్నాను. ప్రారంభోత్సవం దగ్గర పడిందని మెషిన్ పెట్టి ఆ గరుకంతా పాలిష్ కొట్టించేశాను. మెచ్చుకుంటుందని కూడా ఆశపడ్డాను.

"మూడు నెలలు ఉలితో కొట్టానండీ! జనం తాకి చూడాలని!"

"అంటే... కావాలనే అలా..."

"కావాలనే! ఇప్పుడు మీరే మళ్లీ కొట్టాలి. మెషిన్‌తో కాదు, చేత్తో."

ఇంకొకరైతే పొమ్మనేవాణ్ని. కానీ తప్పు నాది. పైగా కోపంలో ఆ కళ్లు ఉన్నాయే... సరే, ఒప్పేసుకున్నాను.

రోజూ డ్యూటీ అయ్యాక ఉలి పట్టుకునేవాణ్ని.

"అంత బిగించి పట్టుకోకండి. సుత్తి జారితే వేలు పోతుంది."

"నాకు తెలుసులెండి" అన్నానో లేదో, జారింది. పడీ పడీ నవ్వుతూనే నా బొటనవేలికి కట్టు కట్టింది. అంతలో వాన. ఇద్దరం రాయి పక్కనే తడిశాం. ఇంటికెళ్దామని ఎవరమూ అనలేదు. ఆ సాయంత్రం నుంచి మా మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఇంతలో మామయ్య పిలిచాడు. అమ్మకి స్వయానా తమ్ముడు, మా ఆఫీసులో చీఫ్ ఇంజనీర్.

"ఆ శిల్పం చేపో, చెవో ఎవరికీ అర్థం కావట్లేదట. పైనుంచి ఒకటే ఫోన్లు. పునాది బలంగా లేదని రిపోర్ట్ రాసెయ్. సోమవారం క్రేన్‌తో ఎత్తించేద్దాం."

"పునాది ఉక్కులా ఉంది మామయ్యా. దగ్గరుండి వేయించాను."

"నీకెందుకురా అవన్నీ? సంతకం పెట్టు."

ఒళ్లు మండిపోయింది. పునాది భేషుగ్గా ఉందని రాసి, కింద సంతకం పెట్టి, కాపీ మున్సిపల్ కమిషనర్‌కి పంపేశాను.

సోమవారం క్రేన్ వచ్చింది. సంగతి ముందే చెప్పానేమో, ఆమె అప్పటికే పీఠం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నన్ను కూడా కలిపి ఎత్తించండి సార్!" అంటోంది మామయ్యతో.

వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను. రిపోర్ట్ మామయ్య చేతిలో పెట్టాను. చదువుతుంటే ఆయన మొహం మాడిపోయింది.

"పిచ్చి పట్టిందా? రేపే ట్రాన్స్‌ఫర్ చేస్తారు!"

"చేసుకోనీ. అబద్ధానికి మాత్రం నా సంతకం దొరకదు."

"మీ అమ్మకేం చెప్పమంటావురా?"

"కోడలు దొరికిందని చెప్పు."

క్రేన్ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఆమె గిరుక్కున నావైపు తిరిగింది.

"నన్నడిగావా?"

"ఇప్పుడడుగుతున్నా. రేపు ఏ ఊళ్లో ఉంటానో తెలీదు. నువ్వంటే మాత్రం నాకు ప్రాణం. పెళ్లి చేసుకుంటావా?"

నన్ను ఎగాదిగా చూసింది. అప్పుడు మెల్లగా మామయ్య వైపు తిరిగింది.

"ముందు ఆ క్రేన్ వెనక్కి తీయించండి మామయ్యగారూ! మీ అక్కయ్యగారితో నేను మాట్లాడతాను."