కుడి చెవి వెనుక

గంగమణి మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసి దువ్వుతోంది. ఎడపల్లి రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు గట్టిగా హారన్ కొట్టింది. అరుగు మీది పిల్లి ఉలిక్కిపడి దూకింది. పుట్టుకతోనే వినికిడి లేని అంకిత, పిల్లి ఎందుకు పరుగెత్తిందో తెలియక నవ్వింది. పాపకు మూడున్నరేళ్లు.

ఇంతవరకు కత్తెర తగలని జుట్టు అది. పుట్టు వెంట్రుకలు మల్లన్నకు ఇస్తానని తల్లి శైలజ మొక్కుకుంది. పాపకు ఏడాది నిండకముందే జ్వరంతో పోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా శుభకార్యం వద్దన్నారు. ఏడాది దాటినా గంగమణి మొక్కును వాయిదా వేస్తూనే వచ్చింది.

అల్లుడు అనిల్‌కుమార్ బ్యాగు సర్దుతున్నాడు. ఎల్లుండి హైదరాబాదులో పాపకు వినికిడి రావడానికి చెవికి ఆపరేషన్.

"అత్తమ్మా, రేపు పొద్దుగాలనే బస్సు. నీ చీరలు గూడ పెట్టు."

"నేను రాను. పిల్లను గూడ పంప."

"గిదేంది? మొన్న సరే అంటివి గద!"

"మొన్న ఎంటికలు తీస్తరని ఎవలు చెప్పిండ్రు? నిన్న నర్సు ఫోన్ల చెప్తుంటే విన్న. మొక్కు ఎంటికల మీద కత్తి పెట్టనియ్య."

"గుండు గాదు అత్తమ్మా. కుడి చెవి ఎనక రెండు వేళ్లంత జాగ. అక్కడ చిన్నగ కోసి, బొక్కను కొద్దిగ తొలిచి, లోపల నత్తగుల్ల లెక్క ఉంటదే, దాంట్లకు సన్నటి తీగ పంపిస్తరు. పక్కనే మొహం నరం ఉంటదట, దానికి తాకకుంట పైలంగ చేస్తరు."

"అయితే మొక్కు తీర్చినంక పోదాం. వచ్చే నెల."

"ఎన్ని వచ్చే నెలలు అత్తమ్మా? ఎంత చిన్నగున్నప్పుడు జేస్తే అంత మంచిగ మాటలొస్తయన్నడు డాక్టరు. ఇప్పటికే ఆలస్యమైంది."

"నా వల్లనే అయ్యిందంటవా? నీకేంది, బోధన్‌ల షాపుకు పోతవు, వస్తవు. పొద్దంత పిల్ల తోని ఉండేది నేను!"

"గందుకే అడుగుతున్న. పొద్దంత పిలుస్తనే ఉంటవు. ఒక్కపారన్న అవ్వా అన్నదా?"

గంగమణి పాప జడ చివరను అరచేతిలో పెట్టుకుంది.

"దేవునికి కోపమొస్తదని గాదు అనిల్. ఈ కొసలు జూడు. ఇవి శైలు దువ్వినయి. నా బిడ్డ చెయ్యి తాకినయి ఇంక ఏమున్నయి?"

అనిల్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఫోను తీశాడు.

"నా దగ్గర గూడ ఒకటుంది. ఎవ్వలికి వినిపియ్యలే," అని నొక్కాడు. ఫోనులోంచి శైలజ గొంతు వచ్చింది.

"ఇగో, వచ్చేటప్పుడు కొబ్బరినూనె పట్కరా. అంకితకు అయిపోయింది. మర్సిపోకు, నిన్న గూడ మర్సినవు."

గంగమణి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

అంకిత ఇద్దరి ముఖాలూ చూసింది. ఫోనులో ఏదో ఉందనుకుని లాక్కుని వెతికింది. తెర మీద బొమ్మ ఏదీ లేదు. వెనక్కి తిప్పి చూసింది.

"వాళ్లమ్మ గొంతు దీనికి తెల్వదు అత్తమ్మా," అన్నాడు అనిల్. "ఆపరేషన్ కాంగనే అర్థంగాదట. నెలలకు నెలలు నేర్పాలె. ఎప్పటికన్న వినాలె గద."

"మళ్ల పెట్టు."

మూడుసార్లు విన్నాక ఆమె లేచి లోపలికి వెళ్లింది. కత్తెర, పసుపులో తడిపిన గుడ్డముక్క తెచ్చింది.

"యాడనో చూపియ్యి."

"దవాఖానల నర్సులు తీస్తరు..."

"వాళ్లు తీస్తే కింద పారేస్తరు. నేనే తీసి ముడుపు గడ్త. మల్లన్న పటం కాడ ఉంటది. కడమ ఎంటికల మొక్కు, ఇది నోటితోని మల్లన్నా అన్ననాడు తీరుస్తం."

కుడి చెవి వెనుక పాయ తీసి, వేలితో కొలిచి, నెమ్మదిగా కత్తిరించింది. పచ్చని గుడ్డలో మూట కట్టి కళ్లకద్దుకుంది. తర్వాత బ్యాగులోకి తొంగి చూసింది.

"పిల్లకు నూనె సీసా పెట్టినవా?"

"మర్సిపోయిన అత్తమ్మా."

"నిన్న గూడ మర్సినవు," అంది గంగమణి. అని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.