తడి అరటినార

నైరోబీలో ఆరో అంతస్తులోని ఆ గదికి కిటికీల్లేవు. డైరెక్టర్ కిబెట్ బల్ల మీద ఒక ఫొటో పెట్టాడు. బలపపు రాయితో చెక్కిన నీటిగుర్రం, అరచేతిలో పట్టేంత.

"దీని కడుపులో ఫిల్మ్ పెట్టి దేశం దాటిస్తున్నారు," అన్నాడు. "పదకొండు పేర్లు. సరిహద్దుకి అవతల పనిచేస్తున్న మనవాళ్ళవి. ఫిల్మ్ ఇంకా కడగలేదు. యూరప్‌లో కడిగిన రోజున పదకొండు శవాలు లేస్తాయి."

"రేవులో పట్టేసుకుంటే సరిపోదా సర్?" అంది ఏజెంట్ బోసిబోరి.

సరిపోదన్నాడు కిబెట్. ముఠా నాయకుడు వోగ్లర్ పైకి చేతిపనుల వ్యాపారి. అతని సెక్రటరీ జులేఖా అతని పక్కనే ఉంటూ రహస్యంగా ఈ గూఢచారి బ్యూరోకి పనిచేస్తోంది. బొమ్మ పట్టుబడినా, దాని కడుపుకి వేసిన మైనపు సీలు కాస్త చెదిరినా, వోగ్లర్ అనుమానం ముందు ఆమె మీదికే పోతుంది. కాబట్టి బొమ్మ దారిలో దానంతట అదే పగలాలి. లోహం ఉంటే కస్టమ్స్ యంత్రం పట్టేస్తుందని ఫిల్మ్‌కి డబ్బా కూడా పెట్టడం లేదు. రాయే దానికి డబ్బా. ఓడ ఎక్కించే ముందు మొంబాసా రేవులో పెట్టెని వోగ్లరే తెరిచి చూస్తాడు, అప్పటికే రాయి పగిలి ఉంటే వెలుతురు పడి ఫిల్మ్ మాడిపోతుంది. తప్పు పెట్టె కట్టినవాళ్ళదవుతుంది.

"కట్టేదెవరు?"

"తబాకా అని కిసీ తెగవాళ్ళ ఊరు, అక్కడ గెసారె అని ఒకావిడ. ఇరవై ఆరేళ్ళుగా ఆమె కట్టిన పెట్టెలో ఒక్క బొమ్మ పగల్లేదట. వోగ్లర్ ఆమె చేతి పెట్టె తప్ప ముట్టడు. నువ్వూ కిసీ పిల్లవేగా? వెళ్ళి పనిలో చేరు."

బ్యూరో ఆమెకి కెమెరా ఉన్న పెన్నూ, రేడియో దాచిన ఫ్లాస్కూ ఇచ్చి పంపింది. తబాకాలో ఆ రెండూ ఎందుకూ పనికిరాలేదు.

ఒంబుకి గారి రాతిబొమ్మల షెడ్డులో బోసిబోరి నాలుగు నెలలు గెసారె కింద పని నేర్చుకుంది. ఏజెంట్లకి తుపాకీ నేర్పిన మాస్టారు కూడా అంత సతాయించలేదు. జిరాఫీ కాళ్ళని విడివిడిగా కాగితంలో చుట్టాలి. బరువువి అడుగున, తేలికవి పైన. ఏ బొమ్మా ఇంకో బొమ్మనీ, అట్టపెట్టె గోడనీ తాకకూడదు. మధ్యలో ఎండిన అరటినార కూరి, మూత వేసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. లోపల చప్పుడైతే మొత్తం విప్పి మళ్ళీ మొదలు.

"ఏమే, జిరాఫీని చుడుతున్నావా, ఉరేస్తున్నావా?" అనేది గెసారె. షెడ్డంతా నవ్వేది.

నార విషయంలో మాత్రం ఆవిడ నవ్వేది కాదు. ప్రతి పిడికెడూ వేళ్ళ మధ్య నలిపి, చెంపకి ఆనించి చూసేది. "తడి నారని నమ్మకే పిల్లా. ఇవాళ బిగువుగా ఉంటుంది. ఎండాక సన్నబడి చోటిస్తుంది. ఇక లోపల ఒకటే కుమ్ములాట." కట్టడం అయ్యాక మూత లోపలివైపు తన పేరు రాసేది. సముద్రం అవతల ఎవరు తెరిచినా ముందు ఆ పేరే కనిపించాలి.

తడి నార మాట విన్నరోజే బోసిబోరికి దారి దొరికింది. దొరికినందుకు ఆమెకి సంతోషం కలగలేదు.

ఆమె ఉండేది గెసారె ఇంట్లోనే. అద్దె అడిగితే కసిరింది. సంకటి, కూర ముందు ఆమె పళ్ళెంలోనే పడేవి. పాపం చేయబోతూ ఆ చేతి కూడు తింటున్నానని బోసిబోరికి ప్రతి ముద్దకీ గుర్తొచ్చేది. పదకొండు మంది ప్రాణాలు అని మనసుకి చెప్పుకునేది. మనసు ఒప్పుకునేది గానీ పళ్ళెంలో సగం మిగిలిపోయేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వోగ్లర్ వచ్చాడు. వెంట నల్ల కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, మొంబాసా అత్తరుతో జులేఖా. షెడ్డులో ఉలులన్నీ ఒక్క క్షణం ఆగాయి. అతను నీటిగుర్రం తీసి, మా అమ్మకి కానుక, పెట్టెకి నడిమధ్య పెట్టమని గెసారెకి అందించాడు. జులేఖా ఇటు తిరిగి, ఉడికిన గుడ్డు నిలబెట్టే గులాబీరంగు గిన్నెలు ఆరు దొరుకుతాయా అని బోసిబోరిని అడిగింది. అది కోడ్. ఫిల్మ్ లోపలే ఉందని అర్థం.

"ఐదే ఉన్నాయమ్మా," అంది బోసిబోరి. కబురు చేరింది అని దానికి అర్థం.

ఆ ఊరి క్రైస్తవులకి శుక్రవారం పొద్దు గూకితే సబ్బాతు, విశ్రాంతి దినం మొదలు. ఆలోపే గెసారె వోగ్లర్ కళ్ళముందే పెట్టె కట్టి, జిగురు కాగితం అంటించేసింది. శనివారం తబాకాలో ఎవరూ పని ముట్టరు. చూసేవాళ్ళుండరనే వోగ్లర్ లారీని ఆ రోజు పదకొండింటికి రమ్మన్నాడు.

పొద్దున బోసిబోరి కడుపునొప్పి అంది. గెసారె జావ కాచి మంచం పక్కన పెట్టి, దుప్పటి సర్ది, బైబిలు చంకన పెట్టుకుని గుడికి వెళ్ళింది.

షెడ్డులో కెటిల్ మరిగించింది బోసిబోరి. ఆవిరి పట్టగానే జిగురు కాగితం మెత్తగా లేచింది. నారంతా తీసి నీళ్ళలో ముంచి, గట్టిగా పిండింది. అడుగున ఉన్న బరువైన రాతి కొవ్వొత్తి స్టాండుని తెచ్చి నీటిగుర్రానికి ఆనించింది. మధ్యలో ఒక్క పొర, అదీ తడిది. మళ్ళీ అంతా కూరి మూత వేసింది. మూత మీద పేరు చూడకుండా వేసింది.

ఆఖరి కాగితం ఇంకా అతుక్కోలేదు, లారీ హారన్ వినిపించింది. కాగితం మీద అరచెయ్యి ఆనించి, అలాగే పెట్టె మీద వాలి కూర్చుంది. వోగ్లర్ లోపలికొచ్చాడు, జులేఖా గుమ్మంలో ఆగింది. కడుపునొప్పని గుడికి వెళ్ళలేదని, పెట్టె అప్పజెప్పడానికి ఉన్నానని చెప్పింది. అతను ఆమెని జరిపి, పెట్టె ఎత్తి చెవి దగ్గర ఊపాడు. చడీచప్పుడూ లేదు. కానీ దించలేదు.

"నిన్నటికంటే బరువుగా ఉందేమిటి?"

గుమ్మంలోంచి జులేఖా విసుగ్గా అంది: "నిన్న ఎత్తింది ఆ ముసలావిడ, నువ్వు కాదు. రాళ్ళు కొని దూది బరువుండాలంటే ఎలా? పద, ఎండలో నిలబడలేను."

వోగ్లర్ నవ్వి పెట్టెని లారీ ఎక్కించాడు. లారీ గేటు దాటింది.

తొమ్మిదో రోజున మొంబాసా నుంచి వోగ్లర్ పంపిన కవరు ఒంబుకికి వచ్చింది. నీటిగుర్రం రెండు ముక్కలు, ఇంకో నాలుగు బొమ్మలు పొడి. ఇకమీదట మీ సరుకు మాకొద్దు. కవరులో గెసారె పేరున్న మూత ముక్కా, బూజుపట్టిన పిడికెడు నారా ఉన్నాయి.

గెసారె ఆ నారని వేళ్ళ మధ్య నలిపింది. చాలాసేపు నలిపింది. ఎవరిమీదా నెపం వెయ్యలేదు.

"ఆ రోజు పొడిగానే తగిలింది నాకు," అంది. "నా వేళ్ళు చచ్చిపోయినట్టున్నాయి. పెట్టెలు ఇక నువ్వే కట్టు పిల్లా."

మర్నాటి నుంచి వాగు దగ్గర రాళ్ళు కడిగే ఆడవాళ్ళలో కూర్చుంది. షెడ్డు వైపు తిరిగేది కాదు.

కిబెట్ ఫోన్‌లో అభినందించాడు. పదకొండు మందీ క్షేమం, జులేఖా మీద ఎవరికీ అనుమానం లేదు, మిషన్ సక్సెస్, రేపటికల్లా వచ్చెయ్ అన్నాడు. బోసిబోరి సరేనని నేరుగా వాగు దగ్గరికి నడిచింది. రహస్యం బయటపెడితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదు. అయినా ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక మనిషికి నిజం చెప్పింది.

"పెద్దమ్మా, నీ వేళ్ళకేం కాలేదు. ఆ నార తడిపింది నేను. శనివారం నువ్వు గుడికెళ్ళాక పెట్టె విప్పి తడిపాను."

గెసారె తలెత్తి చూసింది. తర్వాత నవ్వింది. కవరొచ్చాక అదే మొదటి నవ్వు.

"ఆ రోజు కడుపు పట్టుకుని మెలికలు తిరిగావు. నేను కాచిన జావైనా ముట్టలేదు. నా మొహం చూడలేక తప్పు నెత్తినేసుకుంటున్నావా?" తడి చేత్తో బోసిబోరి చెంప తుడిచింది. "నీకు అబద్ధమాడటం చేతకాదే పిల్లా, ఊరుకో."