నాలుగో గీత

భోజనాలయ్యాక వర్క్‌షాపు కాస్త సద్దుమణిగింది. శీతల గది బయట బల్ల దగ్గర మరదలు కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీది చిన్న చిన్న పెట్టెలను తీగలతో కలుపుతోంది. ఆమె ప్రోగ్రాం రాయదు, గీస్తుంది. గది పైన, మధ్యలో, నేల దగ్గర వేడి కొలిచే సెన్సర్లు మూడు. వాటి తీగలు మూడూ ఒకే పెట్టెలో చేర్చి గ్రాఫ్‌కి తగిలిస్తే మూడు రంగుల గీతలు కలిసి నడుస్తాయి.

లోపల సెన్సర్లు బిగిస్తున్నది బావ, అంటే ఆమె అక్క మొగుడు. ఆ షాపు మెకానిక్ అతనే. తలుపు లోపలి గడియ విరిగి వారమైంది, లోపల్నుంచి తెరుచుకోదు. అందుకే ఎవరు లోపలికెళ్లినా బయట ఒకరు కాపలా ఉండాల్సిందే.

"ఏం మరదలా, అల్లిక ఎంతవరకొచ్చింది? స్వెట్టరు నా కొలతకేగా?"

"నీ పొట్టకి ఊలు చాలదు బావా!"

నవ్వుతూనే మీట నొక్కింది. మూడు గీతలూ ఇరవై రెండు దగ్గర మొదలయ్యాయి. వాటికి బాగా పైన, ముప్పై ఏడు దగ్గర, నాలుగోది కనబడింది. మనిషి ఒంటి వేడి అంత ఉంటుంది.

"బావా, ఇంకో సెన్సరేమైనా పెట్టావా?"

"ఉన్నవే మూడు!"

అలాంటప్పుడు అన్నీ ఆపి తీగ తీగా వెతకాలి. కానీ నాలుగింటికి ఈ గదిని కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. పైగా పని దాటవెయ్యడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. గ్రాఫ్ పక్కనున్న పట్టీలో టిక్కు తీసేసి ఆ గీతను దాచేసింది.

కాసేపటికి బావ బయటికొచ్చాడు. తలుపు మూసి, వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మొదలుపెట్టు," అన్నాడు.

ఆమె మీట నొక్కగానే గదిని చల్లబరిచే మోటారు గుర్రుమంది. గీతలు దిగసాగాయి. పదిహేను... తొమ్మిది... సున్నా. తడి ఇనుము వాసన వేసింది. ఆ రొదలో ఏదో చప్పుడు.

టక్... టక్.

ఆమె దాచిన గీతను మళ్లీ తెరిచింది. ముప్పై ఆరు. ముప్పై అయిదు.

"బావా... లోపల ఎవరో..."

"దాచెయ్యి దాన్ని," గుసగుసగా అన్నాడు.

మౌస్ మీదున్న ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. మంచుగడ్డలా ఉంది. బయటికొచ్చాక ఇతను ఒక్క వేళాకోళమూ ఆడలేదు. ఒక్కసారీ మరదలా అనలేదు...

ముప్పై మూడు.

అక్క ముఖం కళ్ల ముందు మెదిలింది. చెయ్యి విదిలించుకుని పరుగెత్తి, బలమంతా పెట్టి తలుపు లాగింది. నీలం తిరిగిన పెదాలతో బావ ఆమె మీదికి తూలాడు. అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. తలుపు వెనకే మూసుకుంది.

తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

"బావా! బాగానే ఉన్నావా?" ఏడుపొచ్చేసింది ఆమెకు.

అతను వణుకుతూ ఆమె ముఖంలోకి వింతగా చూశాడు.

"నువ్వు... బయటికెప్పుడొచ్చావ్?"

"నేనసలు లోపలికే రాలేదు!"

"దీపం ఆరిపోయినప్పట్నుంచీ నా పక్కనే ఉన్నావుగా. చెయ్యి వదల్లేదుగా..."

అతను తన చేతిని మెల్లగా ఆమె చేతిలోంచి వెనక్కి తీసుకున్నాడు.

"అప్పుడు... నీ చెయ్యి వెచ్చగా ఉంది. ఇప్పుడిది మంచుగడ్డ."