అలసిన చోట పాలు

"అది తప్పండీ" అన్నాడు ప్రూఫ్ రీడర్.

నలభై మంది బడిపిల్లలు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. వాళ్ళకి కథ చెబుతున్న గైడు కూడా తిరిగింది. ఆ రోజుకి అది ఆమె ఆరో బృందం. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"ఏది తప్పు?" అంది, అడగడానికి కూడా ఓపిక లేనట్టు.

అతను గోడ మీద పెద్దక్షరాలతో ఉన్న వాక్యాన్ని చూపించాడు. 'ఎగిరినంత ఎగురు కొంగా, అలసిన చోట పాలు.'

"పాలు కాదు, వాలు అయ్యుండాలి. ఎగురు, వాలు. అచ్చుతప్పు. కొంగ పాలు తాగడం ఎక్కడైనా చూశారా?"

"మా కొంగ తాగుతుంది!" అని అరిచింది రెండు జడల పిల్ల. మిగతా వాళ్ళంతా వంత పాడారు.

"విన్నారుగా? మీకు ఒక్క ఓటూ పడలేదు" అంది గైడు.

ఆ ఇల్లు ఒక రచయిత్రిది. ఆమె బతికున్నప్పుడే ఊరందరికీ అమ్మమ్మ. ఎన్నో రాసినా, ఆ కొంగ పుస్తకం చదవకుండా పెరిగిన పిల్లలు లేరు. ఆమె పోయాక ఇంటిని మ్యూజియం చేశారు. చివర ఒక పాల గది పెట్టారు. గదులన్నీ తిరిగి కాళ్ళు పీకుతున్న పిల్లలకి అక్కడ గోరువెచ్చటి పాలు గ్లాసుల్లో పోసిస్తారు. అదంతా ఆ ఒక్క పదం చలవే.

ఆ పుస్తకం కొత్త ముద్రణకి సిద్ధమవుతోంది. ఇంట్లో ఉన్న కాగితాలతో సరిచూసే పని ప్రూఫ్ రీడర్ మీద పడింది. మిగతా వారమంతా వేరే పుస్తకాల ప్రూఫులతోనే సరిపోతుంది కాబట్టి శనివారాలు వచ్చేవాడు. సాయంత్రానికి అక్షరాలు చీమల్లా పాకేవి. "నీ కళ్ళు చూస్తే బస్తాడు ఉల్లిపాయలు తరిగినట్టున్నాయిరా" అనేది వాళ్ళ అక్క.

రెండో వారం అతను రాతప్రతి అడిగాడు.

"బైండింగుకి వెళ్ళింది, దిద్దుబాటు గారూ" అంది గైడు.

"ఎప్పుడొస్తుంది?"

"బైండింగు వాళ్ళ మాట మీకు తెలియనిదేముంది?"

ఆ పేరు అతనికి అంటుకుపోయింది. అతను మాత్రం ఆమెని ఏమని పిలవాలో తేల్చుకోలేక 'ఏవండీ' దగ్గరే ఆగిపోయాడు. మూడో వారం వచ్చేసరికి రాతబల్ల ముందు చెక్క స్టూలు బదులు దిండు వేసిన కుర్చీ ఉంది. ఎవరు వేశారో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాలుగో వారం అతను ఒక చిన్న డబ్బా బల్ల మీద పెట్టాడు.

"గొంతు బిళ్ళలు" అన్నాడు. "పక్కగదిలోకి వినిపిస్తోంది, మీ గొంతు గీరుకుపోవడం."

"అది కూడా దిద్దుతారా?"

"దిద్దలేక తెచ్చాను."

ఆమె నవ్వబోయింది. దగ్గొచ్చింది. చేత్తోనే నమస్కారం లాంటిదేదో పెట్టి, వాన చినుకులు దులుపుకుంటూ వస్తున్న మరో బృందానికి ఎదురెళ్ళింది.

ఐదో శనివారం సాయంత్రానికి పుస్తకం అచ్చుకి వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం ఆమె ఒక గుడ్డమూట పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఇవాళ మ్యూజియం ఆఫీసులో చెప్పారు. పదం మారితే పాల గదికి అర్థం లేదట. తీసేసి బొమ్మల దుకాణం పెడతారట."

అతని చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆమె మూట విప్పింది. లోపల రాతప్రతి.

"బైండింగుకి వెళ్ళలేదు. నా బీరువాలోనే ఉంది. చూడండి."

అతను చూశాడు. వ కీ ప కీ చేతిరాతలో వెంట్రుకవాసి తేడా. కానీ అమ్మమ్మ రాత ముత్యాల్లాంటిది. వాలు. సందేహమే లేదు.

గెలిచినందుకు అతనికి ఏమాత్రం సంతోషం కలగలేదు. రాతప్రతి మూసి, మెల్లగా ఆమె వైపు తోశాడు.

"నేనిది చూడనే లేదనుకుందాం. మళ్ళీ బీరువాలో పెట్టేయండి."

"అబద్ధం కలిపిన పాలు పొయ్యమంటారా పిల్లలకి?" అంది ఆమె. "అలా పొయ్యగలిగితే ఇది మీ ముందుకి తెచ్చేదాన్నే కాదు."

అతను కళ్ళు నలుపుకున్నాడు. "పాత ప్రూఫులేమైనా ఉన్నాయా?"

"రెండో ముద్రణదొకటుంది. సిరా ఒలికిందని అద్దాల బీరువాలో పెట్టనివ్వలేదు."

తెచ్చింది. మడతల దగ్గర చిరుగులు పట్టిన పేజీ. అందులో 'పాలు'లోని పా మీద అడ్డగీత కొట్టి, పక్కన మార్జిన్‌లో వా అని రాసి ఉంది. అమ్మమ్మ చెయ్యే.

"దిద్దేశారుగా" అంది ఆమె నీరసంగా. "అచ్చాఫీసు వాళ్ళు పట్టించుకోలేదన్నమాట."

అతను పేజీని కిటికీ వెలుగులోకి ఎత్తాడు.

"ఇవి ఒలికిన సిరా చుక్కలని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? చుక్కలు కావా?"

"చుక్కలే. కానీ కొట్టేసిన అక్షరం కిందే, వరుసగా నాలుగు ఎందుకు పడ్డాయి? మా పనిలో దీనికి అర్థం ఉంది. కొట్టేసింది చెల్లదు, ముందున్నదే ఉండనివ్వండి అని. ఇదిగో, మార్జిన్‌లో వా ని కూడా సన్నగా కొట్టేశారు. అప్పటికే మొదటి ముద్రణ 'పాలు'తోనే పిల్లల చేతుల్లోకి వెళ్ళింది కదండీ. ఆవిడ ముందు దిద్దారు. తర్వాత ఆలోచించుకుని, మనసు మార్చుకున్నారు."

"అంటే..."

"తప్పు నాదే. పాలే."

ఆమె ఉన్నచోటే నేల మీద కూలబడి, మోకాళ్ళలో మొహం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. ఆలోగా అచ్చాఫీసుకి ఫోన్ చేసి, "పాలే. మార్చొద్దు. అవును, అమ్మమ్మ గారే చెప్పారు" అని పెట్టేశాడు.

ఆమె తలెత్తింది. "ఇక మీ పనైపోయినట్టే."

"రెండో వారానికే అయిపోయింది, ఈ ఒక్క పదం తప్ప. ఉన్నది ఇరవై నాలుగు పేజీలేగా."

"మరి తర్వాత ఏం చదివారు?"

"చదివినట్టు నటించాను. పక్కగదిలో మీరు కథ చెబుతుంటే వినేవాణ్ణి. రోజుకి ఆరుసార్లు, అదే కథ." అతను గొంతు సవరించుకున్నాడు. "నాదొక జబ్బండీ. పెళ్ళి శుభలేఖ వచ్చినా పెన్సిలు తీస్తాను. మీ మాటల్లో మాత్రం ఒక్కటీ దిద్దాలనిపించలేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అంది.

"బైండింగని అబద్ధం చెప్పింది పాల గది కోసమనుకున్నారా?"

"కాదా?"

"మొదటిసారి అవును." ఆమె చూపు నేల మీద గళ్ళని లెక్కపెడుతోంది. "తర్వాత, అది చూపిస్తే మీరు మళ్ళీ రారని."

అతను కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. మధ్యలో మూరెడు మర్యాద.

"వచ్చే శనివారం వస్తాను" అన్నాడు. "పనేమీ లేకుండా."

"అయితే ఐదు దాటాక రండి. తలుపులు మూసేస్తాం. నాకూ పనుండదు."

"వచ్చి ఏం మాట్లాడుకుందాం?"

ఆమె వెనక్కి గోడకి చేరగిలబడి, నొప్పెడుతున్న కాళ్ళు బారజాపి, కళ్ళు మూసుకుంది.

"ముందు కూర్చుందాం" అంది.