చివరి వరసలోని పిల్ల

ఆ స్టూడియోలో మధ్యాహ్నం మూడింటికి కూడా చీకటే. గోడల నిండా మందపాటి స్పాంజి, కిటికీ అన్నది లేదు, ఏసీ గాలిలో పాత తివాచీ వాసన. పియానో ముందు కూర్చున్నావిడ బడి ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా ఊళ్లో అందరికీ ఇంకా టీచరమ్మే. హోటళ్లలో పియానో వాయిస్తూ పాడి పేరు తెచ్చుకుంది. ఇవాళ తన మొదటి ఆల్బమ్ రికార్డింగు.

పల్లవి పూర్తవగానే, అద్దానికి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లలో పలికాడు.

"పియానో వస్తోంది మేడమ్. మీ గొంతు రావట్లేదు."

మైకు మార్చాడు. వైరు మార్చాడు. ఆమె గొంతు చించుకుని పాడింది.

"ఊహూఁ. పెదాలు కదులుతున్నాయి, అంతే."

ఆ మాట ఆమెకు కొత్త కాదు.

"నువ్వు పెదాలు కదుపు చాలు. నీ గొంతు నాకు వినపడకూడదు." బృందగానంలో చివరి వరసలో నిలబడే పిల్లకి ఆమె రోజూ చెప్పిన మాట అది. 'బొంగురు' అని పేరు పెట్టిందీ తనే. క్లాసంతా పడీ పడీ నవ్వితే ఆ పిల్లా నవ్వేది.

ఒక సాయంత్రం పిల్ల వాయిద్యాల గదిలో ఉండగా ప్యూను చూసుకోకుండా తాళం వేశాడు. ఆ పిల్లకి ఉబ్బసం. రాత్రంతా ఊరు గాలించి, తెల్లారి ఆ తలుపు తీసేసరికి పిల్లలో ఊపిరి లేదు. "పక్కనే ఉన్నాను. ఒక్క కేక వేసినా పరిగెత్తుకొచ్చేవాణ్ణి" అని వాచ్‌మన్ తల బాదుకున్నాడు. ఎందుకు వెయ్యలేదో టీచరమ్మకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. పాటే నా బతుకు అంటూ ఆ నెలలోనే బడి మానేసింది.

"ఇంకొక్కసారి, మేడమ్."

వాయించడం మొదలుపెట్టింది. పెదాలు బిగించుకుంది.

"ఆఁ... ఇప్పుడొస్తోంది" అన్నాడతను కళ్లు మూసుకుని వింటూ. "కాస్త బొంగురుగా ఉంది. జలుబా? పర్లేదు, ఆపకండి."

ఆమె నోరు తెరవలేదు.

చెవి పక్కన ఊపిరి... అందక ఎగదీస్తున్న ఊపిరి. సుద్దముక్కల వాసన. తిరిగి చూడాలనుకుంది. మెడ కదల్లేదు. వేళ్లు ఆగలేదు...

పాటయ్యాక ఇంజనీరు కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఇన్నేళ్లలో ఇలాంటి పాట వినలేదు మేడమ్. ఇదే ఉంచేద్దాం."

"తీసెయ్యండి."

"ఒక్కసారి వినండి. ఆ తర్వాత మీ ఇష్టం."

విన్నది. ఎక్కడా ఒక్క స్వరం తప్పలేదు. రెండేళ్లు చివరి వరసలో మూగగా నిలబెట్టింది ఈ గొంతునా... పియానో ఆగింది. అతను ఆపబోతుంటే స్పీకర్లలో ఇంకో గొంతు గుసగుసగా పలికింది. అది టీచరమ్మదే.

"బాగా పాడావమ్మా."

ఇంజనీరు ఆమె వైపు తిరిగాడు. "ఎవరితో అన్నారు మేడమ్?"

పదహారేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఆమె ఏ పిల్లతోనూ అనలేదు.